ఒంటి కంటితో ఆడిన కెప్టెన్ – పటౌడీ

మన హాస్టల్ సంచికలో ప్రతిసారీ ఒక ప్రముఖుని జీవితం ఉంటుంది. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, జాషువా వంటి మహనీయుల గురించి అన్నలు, తమ్ముళ్లు చాలా బాగా రాశారు. ఈసారి రాయమని నన్ను అడిగినప్పుడు నేను ఒక ఆటగాడిని ఎన్నుకున్నాను. దానికి కారణం ఉంది.

మొన్న త్రిపురారం వచ్చినప్పుడు సాయంత్రం పూట పిల్లలు వరి కోసిన మడిలో క్రికెట్ ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక తమ్ముడు ఫీల్డింగుకు పోయేముందు కళ్లద్దాలు తీసి, తువ్వాలలో చుట్టి, గట్టు మీద పెట్టి వెళ్లాడు. రెండు క్యాచులు వదిలేశాడు. జట్టు వాళ్లంతా తిట్టారు. అద్దాలు ఎందుకు తీశావని అడిగితే, పగిలితే ఇంట్లో మళ్లీ కొనివ్వరని చెప్పాడు. ఇంకొక తమ్ముడు జాతరలో కొన్న నల్ల కూలింగ్ గ్లాసులు పెట్టుకుని బౌండరీ దగ్గర సినిమా హీరో లెక్క నిలబడ్డాడు. అతనికీ సైటు ఉందట. సైటు అద్దాలు పెట్టుకుంటే ఎండకు కళ్లు మూతపడతాయి, నల్ల అద్దాలు పెట్టుకుంటే బంతి కనపడదు. ఏది పెట్టుకోవాలో తెలియక అందంగా కనిపించేది పెట్టుకున్నాడు.

నాకు ఎనిమిదో తరగతిలో సైటు వచ్చింది. బోర్డు కనపడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాడిని. అద్దాలు వచ్చాక సోడాబుడ్డి అని పేరు పడింది. ఆ పేరుకు భయపడి ఆటే మానేశాను. ఆ రోజుల్లో పటౌడీ కథ నాకెవరైనా చెప్పి ఉంటే మానేసేవాడిని కాదేమో. అందుకే ఇది రాస్తున్నాను.

మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1941 జనవరి 5న భోపాల్‌లో జన్మించారు. తండ్రి ఇఫ్తికార్ అలీఖాన్ ఢిల్లీకి దగ్గరలో ఉన్న పటౌడీ అనే చిన్న సంస్థానానికి నవాబు. తల్లి సాజిదా సుల్తాన్ భోపాల్ నవాబు కుమార్తె. తండ్రి కూడా పేరున్న క్రికెటరే. ఆయన ఇంగ్లండ్ తరఫునా, తర్వాత భారత్ తరఫునా టెస్టులు ఆడారు. 1932లో సిడ్నీలో తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టారు. అది బాడీలైన్ సిరీస్. బ్యాట్స్‌మెన్ శరీరానికి గురిపెట్టి బంతులు వేయించిన ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్ పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఆ పద్ధతికి తగ్గట్టు లెగ్‌సైడ్‌లో ఫీల్డింగు చేయడానికి ఒప్పుకోలేదు. తర్వాత జట్టులో స్థానం పోయింది. 1946లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. 1952 జనవరి 5న ఢిల్లీలో పోలో ఆడుతూ మరణించారు. ఆ రోజు కొడుకు పదకొండో పుట్టినరోజు.

నవాబు కొడుకు కథ మన హాస్టల్ పిల్లలకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు ఉన్న భవనాలు, నౌకర్లు మనకు లేరు. దెబ్బ తగిలితే మంచి సర్జన్లు దొరికారు. మనవాళ్లకు మిర్యాలగూడ పోవాలన్నా బస్సు ఛార్జీలు చూసుకోవాలి. అయితే బంతి వచ్చేటప్పుడు నౌకర్లు ఎవరూ అడ్డం నిలబడరు. ఆయన జీవితంలో ఆ భాగమే నాకు కావాలి.

డెహ్రాడూన్‌లో కొంత చదివాక ఆయనను ఇంగ్లండుకు పంపారు. వించెస్టర్ స్కూలులో 1959లో కెప్టెన్‌గా ఉండి ఒకే సీజన్‌లో 1068 పరుగులు చేశారు. అంతకుముందు ఆ స్కూలు రికార్డు 1919 నుంచి జార్డిన్ పేరు మీదనే ఉండేది. తండ్రిని పక్కన పెట్టిన కెప్టెన్ రికార్డును కొడుకు దాటాడన్నమాట. 16 ఏళ్లకే 1957లో సస్సెక్స్ కౌంటీ తరఫున ఆడారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1961లో అక్కడి జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఏడు పరుగుల వరద పారించారు. ఆక్స్‌ఫర్డ్‌లో తండ్రి నెలకొల్పిన రికార్డుకు చేరువయ్యారు.

1961 జూలై 1 రాత్రి భోజనం చేసి హోవ్ అనే ఊళ్లో హోటలుకు తిరిగి వెళ్తున్నారు. దూరం కొద్దిగానే ఉంది. తోటివాళ్లు నడిచి వెళ్లారు. పటౌడీ, ఇంకొక ఆటగాడు కారు ఎక్కారు. ఎదురుగా ఒక పెద్ద కారు రోడ్డు మీదికి తిరిగింది. రెండూ గుద్దుకున్నాయి. ముందు అద్దం పగిలి, దాని ముక్క ఒకటి పటౌడీ కుడి కంట్లో దిగింది. ఆపరేషన్ చేశారు. కంటిని నిలబెట్టారు గాని చూపును నిలబెట్టలేకపోయారు. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు.

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాక ఆయనకు తెలిసి వచ్చిన సంగతులు చాలా చిన్నవి. సిగరెట్ వెలిగించబోతే అగ్గిపుల్ల కొస సిగరెట్‌కు తగలకుండా పక్కనుంచి పోయేది. జగ్గులో నీళ్లు గ్లాసులో పోస్తే బల్ల మీద పడేవి. రెండు కళ్లు కలిసి చూస్తేనే వస్తువు ఎంత దూరంలో ఉందో మెదడుకు సరిగా అందుతుంది. నమ్మకం లేకుంటే ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. అటువంటి స్థితిలో ఆయన బ్యాటు పట్టుకుని నెట్స్‌లోకి వెళ్లారు. కొద్ది వారాలలోనే వెళ్లారు.

ఇక్కడి నుంచి కథ మన హైదరాబాదుకు వస్తుంది. 1961 చివరలో ఎం.సి.సి. జట్టు టెడ్ డెక్స్‌టర్ నాయకత్వంలో మన దేశానికి వచ్చింది. హైదరాబాదులో వారితో ఆడే బోర్డు ప్రెసిడెంట్ జట్టుకు పటౌడీని కెప్టెన్‌గా పిలిచారు. ఆయన కుడి కంటిలో కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని బ్యాటింగుకు దిగారు. ఆ లెన్స్‌తో ఆ కంటికి చూపు చాలావరకు వచ్చింది. కాని బౌలర్ వేసిన ఒక్క బంతి రెండు బంతులుగా కనిపించింది. రెండింటికీ మధ్య జానెడు ఎడం. బయటి బంతిని వదిలి, లోపలి బంతిని కొట్టాలని నిర్ణయించుకున్నారు. అలా టీ సమయానికి 35 పరుగులు చేశారు! విరామంలో లెన్స్ తీసేశారు. కుడి కన్ను మూసుకుని, ఒక్క ఎడమ కంటితో తిరిగి ఆడి 70 దాకా వెళ్లారు. ఆ తర్వాత టోపీ అంచును కుడి కంటి మీదికి లాగుకుని ఆడటం నేర్చుకున్నారు. పాత ఫొటోలలో ఆయన టోపీ ఒకవైపు వాలి ఉండటం చూసి అది నవాబు దర్జా అనుకున్నవారు ఎంతోమంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ లెన్స్ ఎందుకు పని చేయలేదు? దెబ్బ తిన్న కంటికీ, మంచి కంటికీ తేడా ఎక్కువైతే రెండింటి బొమ్మలను మెదడు ఒకటిగా కలపలేదు. పటౌడీది ఆ ఇబ్బంది. తమ్ముళ్లూ, మీకున్న సైటు అటువంటిది కాదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో హ్రస్వదృష్టి చదువుతారు గదా, ఎక్కువమందిది అదే. దూరపు వస్తువుల బొమ్మ కంటి వెనుకనున్న రెటీనా మీద పడవలసింది, దానికి ముందే పడుతుంది. పుటాకార కటకం, అంటే మైనస్ అద్దం పెడితే బొమ్మ సరైన చోటికి జరుగుతుంది. మైనస్ 1 ఉన్నవారికి అద్దం లేకుండా ఒక మీటరు దాకానే స్పష్టంగా కనపడుతుంది. మైనస్ 2 ఉంటే అర మీటరు దాకానే. క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి అంత దూరాన్ని అర సెకనులో దాటేస్తుంది. మన మడిలో బౌలర్లకు అంత వేగం లేదనుకోండి, అయినా గట్టు మీద అద్దాలు పెట్టి క్యాచ్ పట్టమంటే ఎలా పడతాడు? పటౌడీకి ఏ అద్దమూ తిరిగి ఇవ్వలేని చూపును మనకు ఒక మైనస్ అద్దం తిరిగి ఇస్తుంది. దాన్ని తువ్వాలలో చుట్టి పెడుతున్నాం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మామూలు కూలింగ్ గ్లాసులకు పవర్ ఉండదు. సైటు ఉన్నవారు అవి పెట్టుకుంటే మసక మీద చీకటి వేసుకున్నట్టే. అందుకని ఆటగాళ్ల కోసం సైటు పవర్‌తోనే రంగు అద్దాలు చేస్తారు. కొన్నింటిలో ముందు నల్ల అద్దం, లోపల పవర్ అద్దం విడిగా బిగిస్తారు. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలూ ఉన్నాయి. ముఖానికి చుట్టుకున్నట్టు వంపు తిరిగిన ఫ్రేములు దుమ్మును ఆపుతాయి గాని పవర్ ఎక్కువైనవారికి అంచుల దగ్గర వంకరగా కనిపించవచ్చు. ఫ్రేము వెనుక తల చుట్టూ బెల్టు ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యం, ఆట అద్దాలు గాజువి కాకూడదు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి తీసుకోవాలి. బంతి తగిలినా అది గాజులాగా ముక్కలై కంట్లోకి పోదు. హోవ్‌లో ఒక గాజుముక్క ఏమి చేసిందో పైన చదివారు.

రోడ్డు పక్కన అమ్మే నల్ల అద్దాల విషయంలో జాగ్రత్త. నలుపు చూసి కంటిపాప విచ్చుకుంటుంది. ఆ అద్దానికి అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం లేకుంటే, విచ్చుకున్న పాపలోంచి అవి ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. అంతకంటే ఏమీ పెట్టుకోకపోవడం, ఒక టోపీ పెట్టుకోవడం నయం. పొద్దు గూకే వేళ నల్ల అద్దాలు అసలే వద్దు. కాంటాక్ట్ లెన్సులు పెద్ద ఆటగాళ్లు వాడతారు గాని, మన దుమ్ములో, చేతులు కడుక్కునే నీళ్లు కూడా ఒక్కోసారి కరువైన చోట నేను వాటిని చెప్పను. ఖరీదైన స్పోర్ట్స్ అద్దాలు కొనలేకపోతే మామూలు ప్లాస్టిక్ సైటు అద్దాలకే వెనుక ఎలాస్టిక్ తాడు కట్టి, అంచున్న టోపీ పెట్టుకుంటే మెత్తని బంతి ఆటకు సరిపోతుంది. గట్టి బంతితో ఆడేవారికి మాత్రం ఆట అద్దాలే ఉండాలి.

అద్దాలతో ఆడి పేరు తెచ్చుకున్నవారు తక్కువేమీ లేరు. 1954లో వింబుల్డన్ గెలిచిన యారొస్లావ్ ద్రోబ్నీ రంగు వేసిన సైటు అద్దాలతోనే ఆడాడు. వెస్టిండీస్‌కు రెండు ప్రపంచ కప్పులు తెచ్చిన క్లైవ్ లాయిడ్, పాకిస్తాన్ జహీర్ అబ్బాస్, న్యూజిలాండ్ వెటోరీ అందరూ కళ్లద్దాల వాళ్లే. 1988లో మద్రాసులో మొదటి టెస్టులోనే 16 వికెట్లు తీసిన నరేంద్ర హిర్వానీ ముఖం మీద అద్దాలు ఉన్నాయి. మన అనిల్ కుంబ్లే 1990లో మొదటి టెస్టు ఆడినప్పుడూ ఉన్నాయి. వీళ్లను సోడాబుడ్డి అన్న బ్యాట్స్‌మన్ ఎవరైనా ఉంటే వాడి సంగతి స్కోరు బోర్డు చూసుకుంది.

మళ్లీ పటౌడీ దగ్గరికి వద్దాం. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపే, 1961 డిసెంబరులో ఢిల్లీలో ఇంగ్లండుపై తొలి టెస్టు ఆడారు. 13 పరుగులే చేశారు. 1962 జనవరిలో మద్రాసు టెస్టులో 103 కొట్టారు. ఆ టెస్టు గెలిచి, భారత్ మొదటిసారి ఇంగ్లండుపై సిరీస్ గెలిచింది. తర్వాత వెస్టిండీస్ వెళ్లారు. బార్బడోస్‌లో గ్రిఫిత్ వేసిన బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి ప్రాణం మీదికి వచ్చింది. వైస్ కెప్టెన్‌గా ఉన్న పటౌడీ మీద భారం పడింది. 1962 మార్చి 23న కెప్టెన్‌గా మైదానంలో దిగేనాటికి ఆయన వయసు 21 సంవత్సరాల 77 రోజులు. 2004లో జింబాబ్వే ఆటగాడు తతెండా తైబు వచ్చేదాకా టెస్టులలో అంత చిన్న కెప్టెన్ ఇంకొకడు లేడు. ఆ సిరీస్‌లో మనవాళ్లు 5–0తో ఓడిపోయారు. అది దాచవలసిన విషయం కాదు.

ఆయన కెప్టెన్సీలో నాకు బాగా నచ్చిన సంగతి స్పిన్నర్లను నమ్మడం. అప్పట్లో మనకు మంచి ఫాస్ట్ బౌలర్లు లేరు. లేనిదాని కోసం ఏడవకుండా ఉన్న బలంతో ఆడదామని బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌లకు బంతి ఇచ్చారు. చంద్రశేఖర్ కుడి చేయి చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిపోయింది. ఆ చేతితోనే ఆయన బంతి తిప్పేవాడు. 1964లో చంద్రశేఖర్ మొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ పటౌడీయే. ఒక కంటి కెప్టెన్, పోలియో చేతి బౌలర్ కలిసి ఇంగ్లండు వాళ్ల వికెట్లు తీశారు. ఆ సిరీస్‌లోనే ఢిల్లీలో పటౌడీ 203 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. కవర్స్‌లో ఆయన ఫీల్డింగు చూసి మిగతా జట్టు కూడా డైవ్ చేయడం, పరుగెత్తడం నేర్చుకుంది.

ఆ తర్వాత ఆయన ఢిల్లీని వదిలి రంజీ ట్రోఫీలో హైదరాబాదుకు ఆడటం మొదలుపెట్టారు. దానికి మన హైదరాబాదీ ఎం.ఎల్. జైసింహతో ఉన్న స్నేహం ఒక కారణం. దేశానికి కెప్టెన్‌గా ఉన్న మనిషి హైదరాబాదు జట్టులో జైసింహ కెప్టెన్సీ కింద ఆడారు. ఎక్కడా పెద్దరికం చూపించలేదు. అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటివారు ఆ జట్టులో ఉండేవారు. ఇంతమంది ఉండీ ఆ రోజుల్లో హైదరాబాదుకు రంజీ కప్పు దక్కలేదు. 1937–38లో గెలిచాక మళ్లీ 1986–87 దాకా ఆగవలసి వచ్చింది. 1968లో ఆస్ట్రేలియాలో జట్టు గాయాలతో ఉంటే జైసింహను ఇక్కడి నుంచి పిలిపించారు. విమానం దిగి బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు జైసింహ. అదొక పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను.

1967లో లీడ్స్ టెస్టు చెప్పకపోతే పటౌడీ జీవితం పూర్తి కాదు. కెరీర్ తొలి ఏళ్లలో కళ్లద్దాలతో ఆడిన జెఫ్రీ బాయ్‌కాట్ అక్కడ 246 నాటౌట్ చేశాడు. మనవాళ్లు 164కే కుప్పకూలారు. అందులో పటౌడీవి 64. ఫాలోఆన్ ఆడుతూ ఆయన 148 కొట్టగా జట్టు 510 దాకా వెళ్లింది. చివరకు ఓడిపోయినా, గెలిచిన జట్టు మళ్లీ బ్యాటింగు చేయక తప్పలేదు. అదే ఏడాది చివర మెల్‌బోర్న్‌లో తొడ కండరం పట్టేసి సరిగా పరుగెత్తలేని స్థితిలో 75, 85 చేశారు. ఒక కన్ను, ఒక కాలుతో ఆడిన ఇన్నింగ్స్ అది. అక్కడి నుంచి న్యూజిలాండ్ వెళ్లి 1968లో సిరీస్ 3–1తో గెలిచారు. విదేశంలో భారత్ గెలిచిన మొదటి సిరీస్ అదే.

1971లో సెలెక్షన్ కమిటీ చైర్మన్ విజయ్ మర్చంట్ ఓటుతో కెప్టెన్సీ అజిత్ వాడేకర్‌కు పోయింది. ఆ ఏడే లోక్‌సభ ఎన్నికలలో గుర్గావ్ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. ఆ ఏడే రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదులు రద్దయ్యాయి. నవాబ్ ఆఫ్ పటౌడీ స్కోరు కార్డులో మన్సూర్ అలీఖాన్ అయ్యారు. 1974–75లో వెస్టిండీస్‌పై మళ్లీ కెప్టెన్‌గా పిలిచారు. కలకత్తాలో ఆండీ రాబర్ట్స్ బంతి దవడకు తగిలితే బయటికి వెళ్లి, తిరిగి వచ్చి ఆడారు. ఆ టెస్టు గెలిచారు, సిరీస్ 3–2తో పోయింది. మొత్తం 46 టెస్టులు, 2793 పరుగులు, 6 సెంచరీలు, సగటు 34.91. 40 టెస్టులకు కెప్టెన్‌గా ఉండి 9 గెలిచారు, 19 ఓడారు. రెండు కళ్లుంటే ఇంకెన్ని చేసేవారో అని చాలామంది లెక్కలు వేశారు. ఆయన మాత్రం ఆ లెక్కలు వేస్తూ కూర్చోలేదు.

నటి షర్మిలా టాగోర్‌ను వివాహం చేసుకున్నారు. ఒక క్రీడా పత్రికకు సంపాదకునిగా, 1990లలో మ్యాచ్ రెఫరీగా పనిచేశారు. మచ్చ లేదని చెప్పను. 2005లో కృష్ణజింక వేట కేసులో నిందితుడయ్యారు, తీర్పు రాకముందే మరణించారు. ఇంగ్లండులో జరిగే భారత్–ఇంగ్లండ్ టెస్టు సిరీస్‌కు 2007 నుంచి పటౌడీ ట్రోఫీ అని పేరు ఉండేది. 2025లో ఆ పేరు మార్చి, గెలిచిన కెప్టెన్‌కు పటౌడీ పతకం ఇవ్వాలని నిర్ణయించారు.

ఊపిరితిత్తుల జబ్బుతో 2011 సెప్టెంబరు 22న ఢిల్లీలో కన్నుమూశారు. కంటిని దానం చేయాలని ఆయన ముందే చెప్పి ఉంచారు. కుటుంబం వారు ఆ మాట నిలబెట్టి, మరునాడు పటౌడీ ఊళ్లో తండ్రి తాతల సమాధుల దగ్గర ఆయనను ఖననం చేశారు.